ఉపగ్రహం చూసింది, ఊరు వినాలి

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువ ప్రాంతంలో క్షేమంగా దిగింది. ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రభుత్వం ప్రకటించింది. 2024 ఆగస్టు 23న మొదటిసారిగా ఆ ఉత్సవం దేశమంతటా జరిగింది. పాఠశాలల్లో ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు, అట్టముక్కలతో చేసిన రాకెట్ నమూనాలు, చప్పట్లు! సంతోషించదగిన విషయమే.

సరిగ్గా తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 1 ఆదివారంనాడు, బుడమేరు విజయవాడ నగరంలోకి వచ్చింది. అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక మునిగిపోయాయి. పిల్లలతో, ముసలివాళ్ళతో కుటుంబాలు మేడలెక్కి పడవకోసం ఎదురుచూశాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ప్రవహించింది. బ్యారేజీ కట్టిన తర్వాత అంత నీరు ఎన్నడూ రాలేదు.

ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టటంలో మన ఉద్దేశం శాస్త్రజ్ఞులను తప్పుపట్టటం కాదు. వాయుగుండం ఏర్పడిన సంగతి ఉపగ్రహానికి తెలుసు. భారీ వర్షాలు పడతాయని వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరించింది కూడా. అయినా, ఎంతో ఎత్తులో తెలిసిన విషయం అజిత్‌సింగ్ నగర్‌లోని ఒక ఇల్లాలికి, సామాను సర్దుకుని పిల్లలను తీసుకుని బయటపడేంత వ్యవధిలో, ఆమెకు అర్థమయ్యే మాటల్లో ఎందుకు తెలియలేదు? అంతరిక్ష విజ్ఞానాన్ని అభినందించేవారందరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది. మదరసా చదువులో 'ఇల్మె నాఫె' అనే మాట ఒకటి ఉంది. మనిషికి మేలుచేసే విద్య అని దాని అర్థం. ఉపగ్రహం సంపాదించే విద్య నిస్సందేహంగా అటువంటిదే. అయితే ఆ మేలు దానంతట అది ఆకాశం నుంచి రాలిపడదు. దాన్ని గడపదాకా తీసుకురావలసిన బాధ్యత నేలమీద ఉన్న మనదే.

పైనుంచి ఏం కనిపిస్తుంది?

ఉర్దూ పత్రికలు ఉపగ్రహాన్ని 'మస్‌నూయీ సయ్యారా' అంటాయి. మనిషి తయారుచేసిన గ్రహం అన్నమాట. భూమిని చూసే ఉపగ్రహాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమి తనచుట్టూ తాను తిరిగే వేగంతోనే అదీ తిరుగుతుంది. కనుక మనకు ఒకేచోట నిలబడినట్లుంటుంది. బంగాళాఖాతం మీద రాత్రింబవళ్ళు కన్నువేసి, మేఘం ఎక్కడ పుట్టింది, ఎటు నడుస్తోంది, ఎప్పుడు సుడి తిరిగింది అనేది నిమిషాల వ్యవధిలో చెబుతుంది. ఇన్సాట్ ఉపగ్రహాలు ఈ తరగతికి చెందినవి. వీటిలో ఇన్సాట్-3డిఎస్‌ను 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే ప్రయోగించారు.

రెండో రకం ఐదారు వందల నుంచి తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తున, ధ్రువం నుంచి ధ్రువానికి, సుమారు వంద నిమిషాలకొక ప్రదక్షిణ చేస్తుంది. దానికి నేల మరింత వివరంగా కనిపిస్తుంది. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి పైకి పంపిన ఐ.ఆర్.ఎస్.-1ఎ మన దేశపు తొలి పూర్తిస్థాయి భూపరిశీలన ఉపగ్రహం. ఈ ఉపగ్రహాలు మన కంటికి కనపడని కిరణాలను కూడా పట్టుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పచ్చని ఆకు పరారుణ కిరణాలను ఎక్కువగా తిప్పికొడుతుంది. ఆ కిరణాలకు చిత్రంలో ఎరుపు రంగు ఇస్తారు. అందుకే పైరుమీద ఉన్న కృష్ణా డెల్టా ఉపగ్రహ చిత్రంలో ఎర్రటి తివాచీలా కనిపిస్తుంది. నీరు నల్లగా కనిపిస్తుంది. తెగులు పట్టిన చోట ఎరుపు వెలిసిపోతుంది. ఎన్ని ఎకరాల్లో వరి వేశారో కోతలకు ముందే అంచనా కట్టగలగటం దీనివల్లనే.

మరి మబ్బు కమ్మినప్పుడు? దానికి రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. అవి సూర్యకాంతి మీద ఆధారపడవు. తామే రేడియో తరంగాలను పంపి, నేలను తాకి వెనక్కి వచ్చిన వాటిని చదువుకుంటాయి. చీకటీ మేఘమూ వాటికి అడ్డుకావు. విజయవాడ మునిగిన రోజుల్లో నీరు ఎంతవరకు పాకిందో హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పటాలు గీసింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన 'నిసార్' ఇండియా, అమెరికా కలిసి తయారుచేసిన రాడార్ ఉపగ్రహం. 12 మీటర్ల వెడల్పున గొడుగులా విచ్చుకునే దాని యాంటెనా, ప్రతి 12 రోజులకూ ఒకే నేలను మళ్ళీ చూసి, సెంటీమీటర్లలో జరిగిన కుంగుబాటును సైతం పట్టగలదు.

నాలుగు తుఫానుల పాఠం

'రాకెట్ల మీద పెట్టే డబ్బు పేదలకు పెట్టరాదా?' అని అడిగేవారు నేటికీ ఉన్నారు. వారికి జవాబు చెప్పటానికి మన తీరాన్ని మించిన పుస్తకం లేదు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. సముద్రం ఇంట్లోకి వచ్చేదాకా సముద్రం వస్తోందని ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నూటపదమూడేళ్ళు గడిచాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సముద్రం సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి కృష్ణ రెండు పాయల మధ్యనున్న గ్రామాలను తుడిచిపెట్టింది. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు చెబితే ఈనాటికీ పెద్దల ముఖాలు మారిపోతాయి. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేలమంది మరణించారు. అప్పటికి తుఫానును ఎడతెగకుండా కనిపెట్టి ఉండే సొంత ఉపగ్రహం మనకు లేదు. హెచ్చరికను ఊరికి చేర్చే ఏర్పాటు బలహీనం. తలదాచుకునే గట్టి కట్టడాలూ అరుదే.

1990 మే 9న అంతటి భీకరమైన తుఫాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ఈసారి పైన ఇన్సాట్-1బి ఉంది. తీరంలోని కార్యాలయాల్లో ఆ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక అందుకునే రిసీవర్లున్నాయి. ముందు సైరన్ మోగేది, ఆ వెంటనే ప్రాంతీయ భాషలో హెచ్చరిక వినిపించేది. దివిసీమ తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లూ సిద్ధంగా ఉన్నాయి. లక్షన్నర మందికి పైగా ప్రజలను ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. వెయ్యిమంది ప్రాణాలు తక్కువేమీ కావు. కాని పదమూడేళ్ళ క్రితపు లెక్కతో పోల్చి చూడండి. ఆ వేలమంది బతికి, వారి బిడ్డలూ మనవలూ నేడు ఈ డెల్టాలో వ్యవసాయం చేసుకుంటున్నారు, చేపలు పడుతున్నారు, చదువుకుంటున్నారు. పేదలకు డబ్బు పెట్టటమంటే ఇది కాదా?

అయితే కథ అక్కడితో ముగియలేదు. 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను వచ్చింది. ఉపగ్రహం దాన్నీ చూసింది. అయినా వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు అనేకమంది. నడిసముద్రంలో ఉన్న పడవకు కబురు చేరే దారి లేకపోయింది. ఈ నాలుగు సంఘటనలను వరసగా చదివితే ఒక నిజం తేలుతుంది. ప్రాణాలు కాపాడింది ఒక్క ఉపగ్రహమే కాదు. ఉపగ్రహమూ, సైరనూ, షెల్టరూ, ఇంటింటికీ తిరిగి తలుపుతట్టిన మనిషీ కలిసి కాపాడారు. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా మిగతావి పనిచేయవు.

హెచ్చరిక భాష

నేడు గొలుసులోని పై కొక్కేలు మునుపెన్నడూ లేనంత గట్టిగా ఉన్నాయి. బందరులో డాప్లర్ రాడార్ ఉంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుఫానుల రాక రోజుల ముందే తెలిసింది. హెచ్చరికలు ఇప్పుడు సెల్‌ఫోనుకే వస్తున్నాయి. కింది కొక్కెమే వదులుగా ఉంది. ఎందుకని?

మొదటి కారణం భాష. 'అక్కడక్కడా భారీ నుంచి అతి భారీ వర్షాలు కురిసే అవకాశం' అని ఫోనులో వస్తుంది. ఏటా పదిసార్లు ఇదే వాక్యం వస్తే ఎవరు పట్టించుకుంటారు? కాని వాతావరణ శాఖ నిఘంటువులో ఈ మాటలకు లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 మిల్లీమీటర్లు మించితే అత్యంత భారీ. ఈ లెక్కను ఇంటి లెక్కలోకి మార్చి చూద్దాం. 20 సెంటీమీటర్ల వాన పడిందంటే ఒక్క సెంటు నేలమీద 8 వేల లీటర్ల నీరు పడినట్లు. రెండు సెంట్ల ఇంటి స్థలంమీద 16 వేల లీటర్లు. ఎకరం మీద 8 లక్షల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. ఇది మన వీధిలో మాత్రమే. ఎగువన ఖమ్మం వైపు, మైలవరం వైపు పడిన వాన దీనికి అదనం. ఇలా చెబితే సందేశం చదివిన మనిషి ఒక్క క్షణం ఆగి కాలువ వైపు చూస్తాడు.

రెండో కారణం, హెచ్చరిక జిల్లాకు వస్తుంది, వరద వీధికి వస్తుంది. మబ్బు ఎంత కురుస్తుందో ఉపగ్రహం చెప్పగలదు. బుడమేరు మళ్ళింపు కాలువకు ఎక్కడ గండి పడుతుందో అది చెప్పలేదు. 2024లో మూడుచోట్ల గండ్లు పడ్డాయి. కృష్ణ నిండుగా ఉండటంతో బుడమేరు నీరు నదిలో కలిసే దారి లేకపోయింది. వెలగలేరు రెగ్యులేటరు గేట్లు ఎత్తితే ఏ వీధికి ఎన్ని గంటల్లో నీరు వస్తుందో ఆ వీధివారికి ముందే తెలిసి ఉండాలి. ఇది రాకెట్ సమస్య కాదు. పటం గీసి గోడకు అంటించే సమస్య. ప్రతి వార్డు సచివాలయం గోడమీద, 2024లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూపే పటం పెద్ద అక్షరాల తెలుగులో, ఉర్దూ చదివేవారున్నచోట ఉర్దూలో కూడా పెట్టమని అడిగే హక్కు మనకుంది. అడగకపోవటం మన లోపం.

మస్జిద్ మైకు

ఇక్కడే మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక మనవి. విజయవాడ వన్‌టౌన్ నుంచి బందరు దాకా ప్రతి ముస్లిం బస్తీలో ఒక మైకు ఉంది. దాని గొంతు వీధిలోని అందరికీ పరిచయమే. కరెంటు పోయినా బ్యాటరీతో పలికించుకోవచ్చు. సెల్‌ఫోను లేని అవ్వకూ, చదవటం రాని కూలీకీ అది వినిపిస్తుంది. పక్కవీధిలోని హిందూ సోదరునికీ, క్రైస్తవ సోదరునికీ కూడా వినిపిస్తుంది. వరద ఎవరి ఇంటిపేరూ అడిగి రాదు. ప్రతి మస్జిద్‌లో చదువుకున్న ఇద్దరు యువకులను ఈ పనికి నియమించుకోవాలి. రెడ్ అలర్ట్ వచ్చిననాడు అధికారిక బులెటిన్‌ను మాత్రమే తీసుకుని, పుకార్లు కలపకుండా, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్క నిమిషం చెప్పాలి. నీరు ఎప్పుడు రావచ్చు, ఎక్కడికి వెళ్ళాలి, కాగితాలూ మందులూ ఏ సంచిలో పెట్టుకోవాలి అనేవి చాలు. మంచంపట్టిన వృద్ధులు, గర్భిణులు ఉన్న ఇళ్ళ జాబితా వారి దగ్గర సిద్ధంగా ఉండాలి. గుళ్ళూ చర్చీలూ ఇదే చేస్తే ఇంకా మేలు.

2024 వరదలో అన్ని మతాల యువకులూ నడుంలోతు నీళ్ళలో దిగి అన్నం పొట్లాలు, మంచినీళ్ళు పంచారు. ఆ సేవకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కాని పొట్లం పంచిన ఆ చేతులే ముందురోజు రాత్రి తలుపులు తట్టగలిగితే, అంతమంది పొట్లం కోసం చేయి చాచవలసిన అవసరం ఉండేది కాదు.

'జరగవలసింది జరుగుతుంది, తఖ్దీర్‌ను ఎవరు తప్పించగలరు?' అనే పెద్దలు కొందరున్నారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత భరోసా ఉంచుకోవాలన్న బోధ వారికి తెలియనిది కాదు. బులెటిన్ విని బయలుదేరటమే ఒంటెను కట్టటం.

దాచలేని సాక్షి

ఉపగ్రహం చేసే మరో పని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అది సాక్షి. ఏ ఏడాది ఏ నేల ఎలా ఉందో చిత్రాలు భద్రంగా ఉంటాయి. కొల్లేరు సంగతే తీసుకోండి. బుడమేరు చివరికి చేరేది ఆ సరస్సుకే. పాత చిత్రాల్లో నీరూ గడ్డీ ఉన్నచోట, తర్వాతి చిత్రాల్లో గళ్ళగళ్ళుగా చేపల చెరువుల గట్లు కనిపించాయి. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టించవలసి వచ్చింది. సముద్రపు ఒడ్డు సంగతీ అంతే. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవటంతో కృష్ణా డెల్టా అంచు పలుచోట్ల కోతకు గురవుతోందని శాస్త్రజ్ఞులు దశాబ్దాల చిత్రాలను పోల్చి నిరూపించారు. బుడమేరు పొడవునా నీటి దారి ఏ ఏడాది ఎంత ఇరుకైందో కూడా చిత్రాలు చెబుతాయి.

ఈ సాక్ష్యాన్ని వాడుకునేటప్పుడు న్యాయం పాటించాలి. వాగు పక్కన రెండు సెంట్లలో గుడిసె వేసుకున్న పేదవాడి ఇల్లే చిత్రంలో కనిపించి, ఎకరాలకొద్దీ లేఅవుట్ వేసి అమ్మినవాని పేరు కనిపించకపోతే అది సాక్ష్యం కాదు, సగం సాక్ష్యం. స్థలం కొనేముందు దస్తావేజులే కాక వరద పటం కూడా చూసుకునే అలవాటు మనకు రావాలి. దూర సంవేదన కేంద్రం 2009లో ప్రారంభించిన 'భువన్' పటాలను ఎవరైనా ఫోనులోనే తెరిచి చూడవచ్చు. ఆడపిల్ల పెళ్ళికి దాచిన డబ్బుతో పల్లపు స్థలం కొని మునిగినవారు మన చుట్టూ కొద్దిమంది కాదు.

పిల్లలకు ఏం చెప్పాలి?

మదరసాల పాత పాఠ్యక్రమంలో ఇల్మె హైఅత్, అంటే ఖగోళ శాస్త్రం, ఒక పాఠంగా ఉండేది. నమాజు వేళలకూ, ఖిబ్లా దిశకూ అది అవసరమని పెద్దలు భావించారు. పదకొండో శతాబ్దం మొదట్లో అల్‌బీరూనీ నేటి పాకిస్తాన్ పంజాబులోని నందనా కోట వద్ద కొండెక్కి, దిగంతం కంటిమట్టానికి ఎంత కిందకు వాలి కనిపిస్తుందో కొలిచాడు. కొండ ఎత్తు, ఆ కోణం ఈ రెంటితోనే భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టాడు. వచ్చిన ఫలితం నేటి కొలతకు దగ్గరగానే ఉంది. ఎత్తునుంచి చూస్తే భూమి తన రహస్యం చెబుతుందని ఆయన ఆనాడే గ్రహించాడు. ఉపగ్రహం అంతకన్నా ఎత్తైన కొండ, అంతే.

అయితే పూర్వీకుల పేర్లు చెప్పుకుని మురిసిపోవటం సులువు. మన కాలంవారి పేర్లు పిల్లలకు చెబుదాం. అబ్దుల్ కలాం నాయకత్వంలో రూపొందిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టింది. తమిళనాడులోని షెంగోట్టై పట్టణంలో పుట్టిన నిగార్ షాజీ 1987లో ఇస్రోలో చేరి, భూమిని పరిశీలించే రిసోర్స్‌శాట్-2ఎ తయారీలో ముఖ్యపాత్ర వహించారు. 2023 సెప్టెంబరు 2న సూర్యుని అధ్యయనానికి వెళ్ళిన ఆదిత్య-ఎల్1కు ఆమే ప్రాజెక్టు డైరెక్టరు. పదో తరగతితో కూతురి చదువు ఆపాలనుకునే తండ్రులు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

అందరి పిల్లలూ శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. కాని డెల్టాలో పుట్టిన ప్రతి పిల్లవానికీ, పిల్లకూ బడిలోనైనా మదరసాలోనైనా కొన్ని సంగతులు వచ్చి తీరాలి. ఉపగ్రహ చిత్రంలో తన ఊరిని గుర్తుపట్టటం, సుడి తిరుగుతున్న మేఘాన్ని గుర్తుపట్టటం, పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికల తేడా చెప్పటం, తన ఇంటినుంచి మెరక ప్రాంతానికి దారి చూపటం. నెలకొక గంట చాలు. దానికి ప్రత్యేకమైన గ్రాంటు అక్కరలేదు, ఒక ఫోనూ ఓపిక ఉన్న ఒక ఉపాధ్యాయుడూ కావాలి.

వచ్చే వర్షాకాలానికి ముందే మీ మస్జిద్ కమిటీ సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టండి. ఇద్దరు యువకుల పేర్లు రాసుకోండి. సచివాలయానికి వెళ్ళి వరద పటం అడగండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వేవారిని చూసి నవ్వుతాం. నీరు గడప దాటిన తర్వాత హెచ్చరిక వెతుక్కునే వారికీ వారికీ తేడా లేదు.